పాత స్పోర్ట్స్ కారును రోజూ నడపాలంటే ఏది కొనాలి, ఎంతవరకు మార్చాలి?

మా ఇల్లు విజయనగరంలో, ఉద్యోగం శ్రీకాకుళంలో. నాతవలస దగ్గర హైవే ఎక్కి పూసపాటిరేగ, రణస్థలం, ఎచ్చెర్ల మీదుగా వెళ్తాను. వారానికి ఐదు రోజులు, రానూపోనూ 130 కిలోమీటర్ల పైమాటే. నాలుగేళ్లుగా ఈ దారిలో నేను నడుపుతున్నది 2002 నాటి హోండా సిటీ వీటెక్. పెట్రోల్ బంకులో, ఆఫీసు పార్కింగులో ఆ బండి చుట్టూ తిరిగి చూసిన కుర్రాళ్లందరూ అడిగేది ఒకటే: "అన్నా, నేనూ ఇలాంటిదొకటి తీసుకుని రెడీ చేయించుకుందామనుకుంటున్నాను. ఏది తీసుకోమంటావు?" నిలబడి రెండు నిమిషాల్లో చెప్పే జవాబు కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మన దేశంలో పాత స్పోర్ట్స్ కారు అంటే రెండు సీట్ల బండి అని అనుకోనక్కర్లేదు. అలాంటివి ఇక్కడ అమ్ముడైందే బహు తక్కువ. గోవాలో తయారైన శాన్ స్టార్మ్ లాంటివి ఒకటో అరో కనిపిస్తాయి. మనకు చేతికందేవి 1990ల చివర్లో, 2000ల మొదట్లో వచ్చిన కొన్ని సెడాన్లు, హ్యాచ్‌బ్యాక్‌లు. బరువు తక్కువ, ఇంజిన్ చురుకు, స్టీరింగ్ తిప్పితే బండి వెంటనే మాట వింటుంది. ఇప్పటి బండ్లలో ఆ సుఖం వెతుక్కోవాలి.

ఇంజిన్ కంటే ముందు రేకు

నేను మొదట కొన్నది కూడా సిటీయే. ఏపీ 31 బండి, విశాఖలో బీచ్‌కి దగ్గర్లో ఏళ్ల తరబడి ఆరుబయట నిలబడింది. అమ్మినాయన కొత్తగా పెయింట్ వేయించి ఉంచాడు, అద్దంలా మెరుస్తోంది. ఇంజిన్ శబ్దం విన్నాను, బోనెట్ మూశాను, డబ్బులిచ్చేశాను. మూడో నెలలో వెనక టైరు పంక్చరైతే జాకీ పెట్టాను. బండి లేవలేదు. జాకీయే తలుపు కింది సిల్‌లోకి దిగిపోయింది, ఎండుపుల్లలు విరిగినట్టు చప్పుడు చేస్తూ. నేల మీద ఎర్రటి పొడి, అందులో బొటనవేలంత మందాన లప్పం పెచ్చులు. రేకు అనుకున్నదంతా లప్పమే. మా మెకానిక్ వంగి చూసి, ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని అన్నాడు: "బాబూ, ఇంజినుకేటి, దించుతాం, ఎక్కిస్తాం. రేకు పోతే ఏటి సేస్తాం?"

ఏ బండి కొనాలన్న ప్రశ్నకు నా జవాబంతా ఆ మాట మీదే నిలబడి ఉంది. ఉప్పుగాలి మన రెండు జిల్లాల్లో తీరం పొడవునా ఉంటుంది. భీమిలి పక్కో, కళింగపట్నం పక్కో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు, వాళ్ల ఇంటి గేటు కమ్మీలే చెబుతాయి. అందుకే పాత కారు చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం, పల్చటి గుడ్డ పెట్టుకుని వెళ్లండి. గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని సిల్స్ మీద, చక్రాల పైన ఉండే ఆర్చ్‌ల అంచు మీద, తలుపుల కింది భాగం మీద జరపండి. పట్టు వదిలిన చోట రేకు మీద లప్పం మందంగా ఉందన్నమాట. డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద గుంట చూడండి. బ్యాటరీ తీయించి కింద ట్రే చూడండి. బోనెట్ ఎత్తి, ముందు షాకప్స్ పైభాగం బిగించే టవర్ల చుట్టూ వేలితో తడమండి. అక్కడ తుప్పు ఉంటే బేరం కూడా ఆడొద్దు, లేచి వచ్చేయండి. లోపల మ్యాట్లు ఎత్తి కార్పెట్ కిందికి చెయ్యి పెడితే తడి తగిలినా, పాత గోనెసంచి వాసన వచ్చినా ఫ్లోర్‌లోకి నీళ్లు దిగుతున్నట్టే.

మన ప్రాంతపు బండ్లకు ఇంకో పరీక్ష ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు చెట్లు కూలి ఎన్నో కార్ల టాపులు నొక్కుకుపోయాయి. 2018లో తిత్లీ పలాస వైపు అదే పని చేసింది. ఆ ఏళ్లకు ముందు కొన్న బండి అయితే లోపల టాపు లైనింగ్ అంచు కొంచెం దించి, పైకప్పు రేకు లోపలి వైపు సుత్తి దెబ్బలున్నాయేమో టార్చి వేసి చూడండి. ముందు అద్దం పక్క స్తంభాల దగ్గర వెల్డింగ్ కనిపిస్తే, ఆ బండి గట్టిదనం ఇక అనుమానమే.

నా రెండో సిటీ హైదరాబాద్ నుంచి తెచ్చుకున్నాను. పీఠభూమి బండి, కింద దుమ్ముంది తప్ప తుప్పు లేదు. ఇంజిన్ మాత్రం పొగ వదిలేది. అయినా అదే కొన్నాను. పెయింట్ పోయినా, సీట్లు చిరిగినా, ఇంజిన్ అలిసిపోయినా సరే, లోతట్టు ఊళ్లలో తిరిగిన బండి మనకు మేలు.

మూడు బండ్లు, మూడు స్వభావాలు

ముందుగా మారుతి ఎస్టీమ్. చూపుకు స్పోర్ట్స్ కారులా ఉండదు, నిజమే. కానీ చివరి రకం 1.3 లీటర్ల, 16 వాల్వుల ఇంజిన్ 85 హార్స్‌పవర్ ఇస్తుంది, బండి బరువు 900 కిలోల లోపే. రణస్థలం దాటాక లారీని దాటేటప్పుడు మూడో గేరులో వేసి తొక్కి చూడండి, నేనేం చెబుతున్నానో తెలుస్తుంది. అసలు బలం వేరే చోట ఉంది. దాదాపు ఇదే ఇంజిన్ జిప్సీలో, వెర్సాలో, మొదటి తరం స్విఫ్ట్ పెట్రోల్‌లో కూడా వచ్చింది. అందుకని ఇంజిన్ సామాన్ల కోసం తిరగక్కర్లేదు. విజయనగరంలో దొరక్కపోతే విశాఖ ఆటోనగర్‌లో సాయంత్రానికి దొరుకుతుంది. చెయ్యి తిరిగిన మెకానిక్ ప్రతి ఊళ్లో ఉన్నాడు. లోపమల్లా రేకు పల్చన. తలుపు వేస్తే డబ్బా మూసినట్టుంటుంది. ఎయిర్‌బ్యాగులు ఉండవు, గట్టిగా బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కూడా ఉండదు.

హోండా సిటీ వీటెక్ మనసు పడి కొనే బండి. 1.5 లీటర్లు, 106 హార్స్‌పవర్, 2000 నుంచి 2003 వరకు వచ్చింది. కింది ఆర్‌పీఎంలో పెద్దమనిషిలా నడుస్తుంది, సూది పైకి ఎక్కాక వీటెక్ (ఇంజిన్ వేగం పెరిగాక వాల్వులను ఇంకా ఎక్కువగా తెరిచే ఏర్పాటు) అందుకున్న క్షణం స్వరం మారిపోతుంది. ఆ స్వరం కోసమే నేను నాలుగేళ్లుగా దీన్ని వదల్లేదు. గేరు లివర్ రెండు వేళ్లతో పడుతుంది. కష్టం ఎక్కడంటే ఎత్తు తక్కువ. మన పల్లెల్లో ఊరి పొలిమేరకో స్పీడ్‌బ్రేకర్, అదీ ఎవరికి తోచిన ఎత్తులో వాళ్లు వేసినది. నలుగురు కూర్చుంటే పొట్ట తగులుతుంది. ఇంజిన్‌కి స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ ఉంది, వయసు మీద పడ్డాక అది వేడెక్కి ఉన్నట్టుండి బండి ఆగిపోవచ్చు. లైట్లు, బంపర్లు, తలుపు బీడింగులు షాపులో అడిగితే దొరకవు, తునకలు చేసిన పాత బండ్ల నుంచి ఏరుకోవాలి. నేను ఎడమ హెడ్‌లైట్ కోసం ఐదు నెలలు ఆగాను.

ఫియట్ పాలియో 1.6 ఉక్కు ముద్ద. 16 వాల్వులు, 100 హార్స్‌పవర్, చిన్న ఒళ్లు. ఎస్.కోట దాటి అరకు ఘాట్ ఎక్కేటప్పుడు మలుపులో ఇది నేలను పట్టుకున్నట్టు మిగతా రెండూ పట్టుకోవు. తలుపు బరువు చేతికి తెలుస్తుంది. స్పీడ్‌బ్రేకర్లకు కూడా సిటీ అంత భయపడక్కర్లేదు. కానీ పెట్రోల్ బాగా తాగుతుంది, ఆ పేరు కొత్తలోనే వచ్చింది. ఫియట్ కంపెనీ 2019లో మన దేశంలో కార్ల అమ్మకం ఆపేసింది, 1.6 ఇంజిన్ పాలియోలు అంతకు ముందే తక్కువ. అంటే ప్రతి సామానూ వేట. దీన్ని బాగా తెలిసిన మెకానిక్ మీకు నడిచి వెళ్లేంత దూరంలో ఉంటేనే దిగండి.

ఫోర్డ్ ఐకాన్ 1.6 గురించి కూడా అడుగుతుంటారు. మంచి బండే, టైమింగ్ బెల్టుకు బదులు చైన్ ఉండటం పెద్ద నిశ్చింత. తుప్పు లేనిది దొరికితే ఎస్టీమ్ పక్కన నిలబెట్టి ఆలోచించవచ్చు. స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ 150 హార్స్‌పవర్ టర్బో బండి, వేగంలో వీటన్నింటికీ అన్న. కానీ టర్బో, సెన్సార్లు, వాటి పైపులు వయసైపోయాక ఖర్చుకు అంతుండదు. రోజువారీ బండిగా వద్దు. కాంటెస్సా అంటే నాకు ప్రాణం, మా నాన్నగారి స్నేహితుడికి ఉండేది. ఆదివారాలకు బాగుంటుంది, ఆఫీసుకు కాదు.

ఇంట్లో ఇదొక్కటే బండి అయి, పొద్దున్న అది కదలకపోతే పని ఆగిపోతుందంటే ఎస్టీమే తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. ఇంట్లో స్కూటరో, ఇంకో కారో ఉండి, రెండు వారాలు బండి షెడ్‌లో ఉన్నా గడిచిపోతుందంటే సిటీ తీసుకోండి. పాలియో కొనాలంటే ఆ రెండో బండితో పాటు, సామాన్లు దాచుకోవడానికి ఇంట్లో ఒక గది మూల కూడా కావాలి.

ఏది కొన్నా, కొన్న ధరకు తక్కువ కాకుండా ఇంకో మొత్తం చేతిలో ఉంచుకోండి. బండికే మొత్తం పోసేసినవాళ్ల కార్లు ఎన్నో షెడ్ల వెనక టార్పాలిన్ కింద ఉన్నాయి, చూస్తే బాధేస్తుంది.

ఉన్నదున్నట్టు చేయించాలా, మార్చాలా?

మూడు దారులు కనిపిస్తాయి. కంపెనీ నుంచి వచ్చినట్టే తీర్చిదిద్దడం, రూపం అలాగే ఉంచి రోజువారీ సుఖానికి కావాల్సినవి మార్చడం, ఇంజినే మార్చి పెద్ద బండి చేయడం.

మూడోదాన్ని ముందే పక్కన పెడతాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అదే రకం ఇంజిన్ మార్చుకోవాలన్నా ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. రంగు మార్చినా అంతే. చట్టం సంగతి అటుంచినా, 85 హార్స్‌పవర్‌కి కట్టిన బ్రేకులు, గేర్‌బాక్సు, రేకు మీద పెద్ద ఇంజిన్ పెడితే ప్రమాదం జరిగాక బీమా కంపెనీ దగ్గర మీ మాట చెల్లదు.

మొదటి దారి అందమైనది, కానీ ఓపిక కావాలి. ఒక క్లిప్పు కోసం నెల రోజులు వెతకాలి. కాబట్టి రోజూ నడిపేవాళ్లకు రెండో దారే సరైనదని నా గట్టి అభిప్రాయం. కళ్లకు పాత బండే, లోపల ఆగడం, చల్లబడటం, వెలుగు మాత్రం ఇప్పటికి తగ్గట్టు ఉండాలి.

అందులో మొదటి డబ్బు బ్రేకులకు పెట్టండి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీలుస్తుంది, మన గాలిలో తేమకు కొదవ లేదు. గొట్టాలన్నీ, వెనక వీల్ సిలిండర్లు కొత్తవి వేయించి, ఆయిల్ రెండేళ్లకోసారి మార్చండి. తర్వాత సస్పెన్షన్‌లోని బుష్‌లు (కీళ్ల దగ్గర ఉండే రబ్బర్లు), బాల్ జాయింట్లు, షాకప్స్. ఇవన్నీ ఒకేసారి కొత్తవైతే బండికి పదేళ్ల వయసు తగ్గినట్టుంటుంది. పవర్ పెంచే ఆలోచన అక్కడే మాయమవుతుంది, నాకు అలాగే జరిగింది.

టైర్ల దగ్గర చాలామంది తొందరపడతారు. పాత బండి టైరు 175/70 ఆర్13 అనుకుందాం, అంటే వెడల్పు 175 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ 13 అంగుళాలు. దాని మొత్తం ఎత్తు సుమారు 575 మిల్లీమీటర్లు. 185/60 ఆర్14 వేస్తే 578, అంటే స్పీడోమీటర్ లెక్క తప్పదు, పట్టు పెరుగుతుంది. 195/50 ఆర్15 కూడా 576కే వస్తుంది కాబట్టి అదే అందంగా ఉందని వేయించేస్తారు. కానీ పక్క గోడ చూడండి. మొదటి టైరుకు 122 మిల్లీమీటర్లు, రెండోదానికి 111, మూడోదానికి 97. గోతిలో పడ్డప్పుడు రిమ్‌ను కాపాడేది ఆ గోడే. వర్షాకాలంలో పల్లె రోడ్ల మీద తిరిగేవాళ్లు 14 దగ్గర ఆగిపోండి. టైరు పక్కన ముద్రించిన చివరి నాలుగు అంకెలు కూడా చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. గాట్లు ఎంత లోతున్నా ఆ టైరు ఇప్పుడు వద్దు.

లైట్లు. రాత్రి హైవే మీద పాత కారు లైటు కిరోసిన్ దీపంలా ఉంటుంది, దానికి జనం 100 వాట్ల బల్బులు పెడతారు. రిఫ్లెక్టర్ మాడిపోతుంది, ఎదుటివాడి కళ్లు పోతాయి. అసలు జబ్బు వైరింగ్‌ది. రెండు 60 వాట్ల బల్బులకు 12 వోల్టుల మీద 10 ఆంపియర్ల కరెంటు కావాలి. అదంతా ఇరవై ఏళ్ల నాటి సన్నటి వైరు, అరిగిన స్విచ్ గుండా వచ్చేసరికి సగం చచ్చిపోతుంది. బ్యాటరీ నుంచి నేరుగా మందపాటి వైరు లాగి, ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెట్టించండి. అదే పాత బల్బు తెల్లగా వెలుగుతుంది. నా బండికి నేను చేయించిన పనుల్లో తక్కువ ఖర్చుకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

వేడి సంగతికొస్తే, మన వైపు చాలా షెడ్లలో ఒక అలవాటు ఉంది: బండి వేడెక్కుతోందంటే, ఇంజిన్ వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ పీకి పారేస్తారు. అలా చేయనివ్వకండి. ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ అది ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. వేడెక్కడానికి అసలు కారణం ఎక్కువగా బోరు నీళ్లు. ఏళ్ల తరబడి పోసిన ఉప్పునీళ్ల పెచ్చు రేడియేటర్ గొట్టాల్లో పేరుకుని ఉంటుంది. కొత్త రేడియేటర్, కొత్త థర్మోస్టాట్ వేయించి కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం పోయించండి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ వేసుకుని మయూరి జంక్షన్‌లో ఇరుక్కున్నా సూది కదలదు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఈ బండ్లు దానికోసం చేసినవి కావు. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కాస్త తగ్గుతుంది. అంతకంటే ముఖ్యం, పాత రబ్బరు పైపులు ఉబ్బి పగుళ్లిస్తాయి. కొనగానే ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా పెట్రోల్ పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే రకంతో మార్పించండి. ట్యాంకు అడుగున ఉన్న మడ్డి కదిలి వస్తుంది కనుక ఫిల్టర్ నెలకే మళ్లీ మార్చండి. బండిని నెలల తరబడి నిండు ట్యాంకుతో నిలబెడితే ఆ పెట్రోల్ తేమ పీలుస్తుంది. ఆ విధంగా రోజూ నడిపే పాత బండే ఆరోగ్యంగా ఉంటుంది.

ఒక మాట కోతల రోజుల గురించి. వరి, చోళ్లు రోడ్డు మీద ఆరబోసి ఉంటాయి. ఎత్తు తక్కువ బండి గడ్డి మీదుగా వెళ్తే గడ్డి సైలెన్సర్‌కి, యాక్సిల్‌కి చుట్టుకుంటుంది. కమురు వాసన రాగానే ఆగి, వంగి, చేత్తో లాగేయండి. చేతికి అందేలా ఒక కిలో మంటలార్పే సిలిండర్ కూడా బిగించుకోండి. గింజల మీదుగా వెళ్లకుండా పక్కనుంచి వెళ్తే రైతుకూ మంచిది.

కాగితాలు

సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కార్లకు ఆ రుసుము 2025లో 10,000 రూపాయలకు పెంచారు. పైన గ్రీన్ ట్యాక్స్ ఉంటుంది. గడువు ముగిసిన ఆర్‌సీతో బండి కొనకండి, "నేను చేయించి పెడతాను" అన్న మాట నమ్మి అడ్వాన్సు కూడా ఇవ్వకండి. వేరే రాష్ట్రం బండి అయితే ఎన్‌ఓసీ (అక్కడి ఆర్టీఏ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) ఉందా, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుంది అన్నవి బేరానికి ముందే ఆర్టీఏ ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు మీ కళ్లతో చదివి ఆర్‌సీతో సరిచూసుకోండి. యాభై ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ అని 2021లో వచ్చింది, కానీ అది చేయించుకున్న బండిని రోజూ రోడ్డు మీద తిప్పడానికి వీల్లేదు.

చివరి పరీక్ష

కొనేముందు అమ్మేవాళ్లు ఒక కిలోమీటరు తిప్పి చూపిస్తారు. అది చాలదు. పెట్రోల్ మీరే పోయిస్తానని చెప్పి, వాళ్లనే పక్కన కూర్చోబెట్టుకుని, గంటస్తంభం చుట్టూ ఉన్న రద్దీలో అరగంట, ఆ తర్వాత హైవే మీద రణస్థలం దాకా నడపండి. రద్దీలో వేడి సూది చూడండి. హైవే మీద 80 దగ్గర స్టీరింగ్ వణుకుతుందేమో చూడండి. రణస్థలంలో ఆపి, టీ తాగి, పావుగంట తర్వాత సెల్ఫ్ కొట్టండి. చల్లగా ఉన్నప్పుడు ఏ బండైనా స్టార్టవుతుంది, వేడి మీద తేలిగ్గా అందుకునేదే రోజూ పనికొస్తుంది. తిరిగి వచ్చాక బండిని ఇంకాస్త ముందుకు జరపమని చెప్పి, అది నిలబడ్డ చోట నేల మీద ఏం కారిందో వంగి చూడండి.